సింగపూర్ నుంచి సాయంత్రం విమానంలో విశాఖకు: బృందంతో తిరుగు ప్రయాణం రోజును నడుపుకోవడం ఎలా?

విశాఖపట్నం నుంచి నాలుగైదు కుటుంబాలు కలిసి సింగపూర్ వెళ్లి రావడం ఇప్పుడు మామూలు విషయమైంది. వెళ్లేటప్పుడు ఏం సర్దుకోవాలో చెప్పేవారు చాలామందే ఉన్నారు గానీ, వచ్చే రోజు గురించి అడిగితే సమాధానం దొరకడం లేదని పలువురు అడుగుతున్నారు. నిజానికి చిక్కంతా ఆ రోజునే ఉంటుంది. విమానం సాయంత్రం కదా, పగలంతా మనదే కదా అన్న ధీమాతో ఆ రోజును ఖాళీగా వదిలేస్తే, మధ్యాహ్నం మూడు దాటాక పది పనులు ఒక్కసారే మీద పడతాయి.

ఇక్కడ ఉదాహరణగా నాలుగు కుటుంబాలు, పన్నెండు మంది, రాత్రి 8.45కు సింగపూర్‌లోని ఛాంగీ విమానాశ్రయం నుంచి నేరుగా విశాఖకు వచ్చే విమానం అనుకుందాం. మీ టికెట్టు మీద ఉన్న వేళ వేరైతే, ఆ తేడాను కింది వేళలన్నిటికీ కలుపుకోవాలి లేదా తీసేసుకోవాలి.

1. విమానం వేళ నుంచి వెనక్కి లెక్క కట్టండి

ఉదయం నుంచి ముందుకు లెక్క కడితే ఎప్పుడూ సమయం మిగిలినట్టే కనిపిస్తుంది. విమానం వేళ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తేనే అసలు ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది.

- రాత్రి 8.45: విమానం బయలుదేరే వేళ
- 7.30: అందరూ గేటు దగ్గర
- 6.45: ఇమ్మిగ్రేషన్ దాటడం పూర్తి
- 5.45: లగేజీ అప్పగించే వరుసలో
- 4.45: కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీని వాపసు పొందే యంత్రాల దగ్గర
- 4.15: విమానాశ్రయానికి చేరిక
- 3.00: హోటల్ ముందు వాహనం ఎక్కడం
- 2.30: అందరూ హోటల్ లాబీలో, పెట్టెలతో సహా

అంటే సాయంత్రం విమానమున్న రోజు సరదాకు మిగిలేది మధ్యాహ్నం భోజనం వరకే. ఆ రోజు సెంటోసా, జంతు ప్రదర్శనశాల వంటి దూరపు కార్యక్రమాలు పెట్టుకోవద్దని నా గట్టి సలహా. నీళ్లలో ఆడే ఆటలు అసలే వద్దు; తడి బట్టలు పెట్టె బరువును పెంచుతాయి, పక్కనున్న చాక్లెట్ల అట్టపెట్టెలనూ నానబెడతాయి.

ఇంకొక లెక్క కూడా ఉంది. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ప్రయాణం సుమారు నాలుగు గంటలు గనుక విశాఖలో దిగేసరికి ఇక్కడ రాత్రి పదింపావు అవుతుంది గానీ, వారం రోజులుగా అక్కడి వేళకు అలవాటుపడిన ఒంటికి అది ఒంటిగంటకు కాస్త తక్కువ. పిల్లల పేచీకీ, పెద్దల నీరసానికీ చాలావరకు కారణం ఇదే. బీపీ, మధుమేహం మాత్రలను ఏ వేళ లెక్కన వేసుకోవాలో బయలుదేరక ముందే వైద్యుణ్ణి అడిగి కాగితం మీద రాసుకోవాలి.

2. పనులు పంచండి, పాస్‌పోర్టులు మాత్రం ఒకరికే అప్పగించకండి

బృందంలో తప్పులు జరిగేది ఎవరికీ తెలియక కాదు. ఎవరో ఒకరు చూస్తున్నారులే అని ప్రతి ఒక్కరూ అనుకోవడం వల్ల. అందుకే ముందురోజు రాత్రే మూడు బాధ్యతలను పేరు పెట్టి అప్పగించాలి.

- వేళ చూసేవారు: కదలమన్నప్పుడు కదిలించడమే వీరి పని. బావగారైనా, పెద్దత్తగారైనా వీరి మాట వినాలి.
- పెట్టెలు లెక్కపెట్టేవారు: హోటల్ దగ్గర, వాహనం ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, విశాఖలో బెల్టు దగ్గర, మొత్తం నాలుగుసార్లు లెక్కపెట్టాలి.
- పెద్దలను, పిల్లలను చూసుకునేవారు: వీరికి వేరే పని చెప్పకూడదు.

పాస్‌పోర్టులన్నీ ఒకే సంచిలో పెట్టి ఒకరికి అప్పగించే అలవాటు చాలా బృందాల్లో ఉంది. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని. ఆ సంచి పోతే పన్నెండు మందీ ఆగిపోతారు. ఏ కుటుంబం పాస్‌పోర్టులు ఆ కుటుంబంలో ఒకరి దగ్గరే, ఒంటికి తగిలించుకున్న చిన్న సంచిలో ఉండాలి. మొదటి, చివరి పేజీల ఫోటోలు మాత్రం అందరి ఫోన్లలోనూ ఉంచుకోవచ్చు. పాస్‌పోర్టు పోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, గ్రాంజ్ రోడ్డులోని భారత హైకమిషన్ నుంచి అత్యవసర ప్రయాణ పత్రం తీసుకోవాలి. విమానమెక్కే సాయంత్రం అది జరిగే పని కాదు గనుక పోకుండా చూసుకోవడం ఒక్కటే దారి.

3. ముందురోజు రాత్రి: తూకం, సర్దుబాటు

చివరి రాత్రి లిటిల్ ఇండియాలో, ముస్తఫా సెంటర్‌లో కొనుగోళ్లు చేసి అర్ధరాత్రి గదికి చేరి, సంచులను అలాగే మూలన పడేసి నిద్రపోవడం మనవారికి పరిపాటి. కొనుగోళ్లను ఒకరోజు ముందుకు జరుపుకుంటే ఈ రాత్రి పెట్టెలకు మిగులుతుంది.

చేత్తో పట్టుకుని తూచే చిన్న లగేజీ త్రాసు బృందానికి ఒకటి చాలు. దాన్ని విశాఖ నుంచే తీసుకెళ్లాలి. ప్రతి పెట్టెనూ తూచి, బరువును చిన్న కాగితం మీద రాసి పిడికి కట్టాలి. టికెట్టులో ఇచ్చిన దానికంటే అర కిలో తక్కువే ఉండేలా చూసుకోవాలి, ఎందుకంటే మన త్రాసుకూ కౌంటరు త్రాసుకూ కాస్త తేడా ఉంటుంది.

బరువు మించుతుందని తేలితే, అదనపు బరువును ఆ రాత్రే విమాన సంస్థ వెబ్‌సైటులో కొనాలి. చౌక విమాన సంస్థల్లో అదే బరువుకు కౌంటరు దగ్గర చెల్లించాల్సింది చాలా ఎక్కువ. ఒకే బుకింగులో ఉన్నవారు కలిసి లగేజీ అప్పగిస్తే బరువులను కలిపి చూడటం సాధారణంగా జరుగుతుంది గానీ, వేర్వేరు బుకింగుల కుటుంబాల మధ్య ఆ వెసులుబాటును ఆశించకూడదు. మొత్తం బరువు సరిపోయినా, ఏ ఒక్క పెట్టె 32 కిలోలు దాటకూడదు.

ఏది ఎందులో పెట్టాలన్న దగ్గర జరిగే పొరపాట్లు దాదాపు ఎప్పుడూ ఒకటే రకం:

- పవర్ బ్యాంకులు తప్పనిసరిగా చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్-అవర్ల లోపు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్ లోపు ఉన్నవాటికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. సింగపూర్ విమాన సంస్థలు 2025 ఏప్రిల్ 1 నుంచి విమానంలో పవర్ బ్యాంకుతో ఛార్జింగ్ పెట్టుకోవడాన్ని నిషేధించాయి గనుక, ఫోన్లను గేటు దగ్గరే నింపుకోవాలి.
- ‘కాయ’ అనే కొబ్బరి జామ్, వేరుసెనగ ముద్ద, షాంపూ, తైలాలు ద్రవపదార్థాల లెక్కలోకే వస్తాయి. 100 మిల్లీలీటర్లు దాటిన సీసాలన్నీ పెద్ద పెట్టెలోకి పోవాలి. సగం వాడిన సీసా అయినా సరే, చూసేది సీసా పరిమాణాన్నే.
- మందులు, ఇన్సులిన్, ఇంటి తాళాలు, కారు తాళాలు చేతి సంచిలో ఉండాలి. ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో వేస్తే చలికి పాడయ్యే ప్రమాదం ఉంది.
- దురియన్ పండు ఎంత ముచ్చటపడినా అక్కడే తినేసి రావాలి. మెట్రో రైల్లో కూడా దానికి ప్రవేశం లేదు.

వీల్‌చైర్ అవసరమైన పెద్దలుంటే ఆ సంగతి విమాన సంస్థకు కనీసం 48 గంటల ముందే తెలియజేయాలి. ఛాంగీలో నడక ఎక్కువ. ఇంట్లో బాగానే తిరుగుతున్నారు కదా అని మొహమాటపడితే గేటు చేరేసరికి వారి మోకాళ్లు మొరాయిస్తాయి.

4. ఆ రోజు ఉదయం: గది ఖాళీ చేయడం

వెబ్ చెక్-ఇన్ వీలైనంత ముందుగా పూర్తి చేసి, బోర్డింగ్ పాసును ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి. హోటళ్లలో గది ఖాళీ చేసే వేళ 11 గంటలో 12 గంటలో ఉంటుంది. పెట్టెలను హోటల్ క్లోక్ రూములో అప్పగించి రసీదు తీసుకుంటే, రెండున్నర వరకు చేతులు ఖాళీగా ఉంటాయి.

గది సేఫ్ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మా బృందంలో మావయ్యగారు పాస్‌పోర్టును సేఫ్‌లో పెట్టి మరిచిపోయి, విమానాశ్రయం చేరాక జేబులు తడుముకున్నారు. సాయంత్రం రద్దీలో టాక్సీలో వెళ్లి రావడానికి రెండు గంటలు పట్టింది. మేము నాలుగు గంటలకే చేరి ఉండబట్టి ఆయన లగేజీ కౌంటరు మూసేలోగా అందుకోగలిగారు. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం: చివరి రాత్రి సేఫ్‌లో పాస్‌పోర్టుతో పాటు మర్నాడు వేసుకోవాల్సిన చెప్పుల్లో ఒకదాన్ని కూడా పెడతాం. రెండో చెప్పు లేకుండా ఎవరూ గది దాటలేరు.

గది వదిలే ముందు చూడవలసినవి:

- సేఫ్, మంచం పక్క సొరుగులు, దిండ్ల కింద
- స్నానాల గది తలుపు వెనక కొక్కేలు
- గోడ ప్లగ్గుల్లో మిగిలిన ఛార్జర్లు, అడాప్టర్లు
- ఫ్రిజ్‌లో మందులు

5. విమానాశ్రయానికి వెళ్లడం

పన్నెండు మందికి 13 సీట్ల వ్యాను సరిపోతుందని సీట్ల లెక్క చూసి మాట్లాడుకుంటారు; పెట్టెల లెక్క చూడరు. పన్నెండు పెద్ద పెట్టెలకు అందులో చోటుండదు. ఎంతమందో, ఎన్ని పెట్టెలో రెండూ చెప్పి ముందురోజే వాహనాన్ని ఖాయం చేసుకోవాలి. సింగపూర్‌లో మధ్యాహ్నం పూట ఉరుములతో వాన ముంచుకురావడం మామూలే, వాన పడితే అప్పటికప్పుడు టాక్సీలు దొరకడం కష్టం.

మెట్రో చవకే గానీ పెద్ద లగేజీతో బృందానికి నేను సిఫారసు చేయను. అలా వెళ్లేవారు ఛాంగీ స్టేషను రెండు, మూడు టెర్మినళ్ల కింద ఉందని గుర్తుంచుకోవాలి. ఒకటో టెర్మినల్‌కు అక్కడి నుంచి స్కైట్రెయిన్‌లో, నాలుగో టెర్మినల్‌కు ఉచిత బస్సులో వెళ్లాలి. మీది ఏ టెర్మినలో టికెట్టు చూసి, డ్రైవరుకు ముందే చెప్పాలి.

ఒకటో టెర్మినల్‌ను ఆనుకుని ఉన్న జ్యూయెల్ అనే దుకాణాల సముదాయంలో 40 మీటర్ల ఎత్తు నుంచి పడే జలపాతాన్ని చూడాలని అందరికీ ఉంటుంది. చూడండి, కానీ లగేజీ అప్పగించాక, ఇమ్మిగ్రేషన్‌కు ముందు. అది ఇమ్మిగ్రేషన్‌కు ఇవతల ఉంది. దానికి అరగంట కేటాయించి, ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోవాలి. ఫోటోల కోసం విడిపోయిన బృందం మళ్లీ కూడటానికి తీసుకునే సమయం ఎప్పుడూ అనుకున్నదానికి రెట్టింపు.

6. జీఎస్టీ వాపసు: లగేజీ అప్పగించక ముందే

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. సింగపూర్‌లో 2024 జనవరి 1 నుంచి జీఎస్టీ 9 శాతం. పర్యాటకులకు ఈ పన్ను వాపసు ఇచ్చే పథకంలో ఉన్న దుకాణంలో పన్నుతో కలిపి కనీసం 100 సింగపూర్ డాలర్ల వస్తువులు కొన్న పర్యాటకులు, కొన్న నాటి నుంచి రెండు నెలల్లోగా వాటిని వెంట తీసుకుని దేశం విడిచేటప్పుడు ఆ పన్నును, నిర్వహణ రుసుము పోను, వెనక్కి పొందవచ్చు. వయసు 16 ఏళ్లు నిండి ఉండాలి.

క్రమం ఇది:

1) కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించాలి, కొనుగోలు దానికి ముడిపడుతుంది. ఒకే దుకాణంలో ఒకే రోజు చేసిన మూడు బిల్లుల వరకు కలిపి 100 డాలర్లు చేసుకోవచ్చు. అందువల్ల భార్యాభర్తలు చెరొక పాస్‌పోర్టు మీద చిల్లరగా కొనడం నష్టం.

2) పెద్ద పెట్టెలో వేసే వస్తువులకు, లగేజీ అప్పగించక ముందే బయలుదేరే హాలులోని యంత్రంలో పాస్‌పోర్టు పెట్టి దరఖాస్తు చేయాలి. అధికారులు వస్తువును చూపమని అడగవచ్చు గనుక ఆ పెట్టె మన దగ్గరే ఉండాలి, వస్తువు పైవరుసలో అందేలా ఉండాలి.

3) చేతి సంచిలో తెచ్చుకునే విలువైన వస్తువులకు ఇమ్మిగ్రేషన్ దాటాక ఉన్న యంత్రాల్లో చేయవచ్చు.

4) తెర మీద వచ్చిన ఫలితాన్ని ఫోటో తీసుకోవాలి. బిల్లులను పారేయకూడదు, విశాఖలో కస్టమ్స్‌వారు అడిగితే అవే చూపాలి.

లగేజీ వెళ్లిపోయాక గుర్తొస్తే దాన్ని వెనక్కి తెప్పించమని కౌంటరు దగ్గర వాదులాడటం వృథా. ఆ డబ్బు మీద ఆశ వదులుకుని ముందుకు కదలడమే మేలు.

7. లగేజీ, ఇమ్మిగ్రేషన్, గేటు

లగేజీ తీసుకోవడం సాధారణంగా విమానానికి గంట ముందు ఆపేస్తారు. కుటుంబం మొత్తం ఒక్కసారే కౌంటరు దగ్గరికి వెళ్లి, ప్రతి పెట్టె చీటీ మీద గమ్యం విశాఖ సంకేతమైన వీటీజెడ్ అని ఉందో లేదో చదవాలి. నల్లటి పెట్టెలన్నీ ఒకలాగే ఉంటాయి గనుక పాత చీర అంచు ముక్కను పిడికి కడితే, విశాఖలో బెల్టు మీద దూరం నుంచే కనిపిస్తుంది.

ఇమ్మిగ్రేషన్‌లో పెద్దలు యంత్రాల వరుసలో త్వరగా దాటిపోయి, పసిపిల్లలున్న తల్లి మాత్రం కౌంటరు వరుసలో ఒంటరిగా మిగిలిపోతుంది. ఆమెతో ఒకరు ఉండాలని ముందే చెప్పాలి.

ఛాంగీలో ఒకటి, రెండు, మూడు టెర్మినళ్లలో భద్రతా తనిఖీ గేటు దగ్గరే జరుగుతుంది. మన విమానాశ్రయాల్లోలాగా తనిఖీ ముందే అయిపోయిందని అనుకుని దుకాణాల్లో తిరుగుతూ ఉంటే, గేటు మూసే వేళకు ఇంకా తనిఖీ వరుసలోనే నిలబడి ఉంటారు. నీళ్ల సీసాను కూడా అక్కడ ఖాళీ చేయించేస్తారు.

ఇమ్మిగ్రేషన్ దాటాక, గేటుకు వెళ్లే ముందు అందరూ కడుపు నిండా తినడం మంచిది. చౌక విమానాల్లో భోజనం ఉచితం కాదు, ముందుగా చెప్పుకోకపోతే శాకాహారం దొరకకపోవచ్చు. మిగిలిన నాణేలను ఇక్కడే ఖర్చు పెట్టాలి. విశాఖలో నోట్లు మారుస్తారు గానీ నాణేలను తీసుకోరు.

8. విమానంలో చేయవలసిన మూడు పనులు

భారతీయ సిమ్‌ను ఫోన్లో తిరిగి వేసుకోవాలి. దిగగానే క్యాబ్ యాప్ ఓటీపీ అడిగితే అది ఆ నంబరుకే వస్తుంది. సిమ్ పెద్ద పెట్టెలో ఉంటే చేసేదేమీ ఉండదు.

ఉమ్మడి ఖర్చుల లెక్కను ఈ నాలుగు గంటల్లోనే తేల్చుకోవాలి. ఇంటికి చేరాక ఎవరి పనుల్లో వారుంటారు, అడిగేవారికి మొహమాటం, ఇచ్చేవారికి మరుపు.

మూడోది, నిద్రపోయే పిల్లల బూట్లు విప్పకుండా ఉంచడం. విశాఖ విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా స్థావరంలో భాగం గనుక దిగేటప్పుడు కిటికీలోంచి ఫోటోలు, వీడియోలు తీయకూడదని పిల్లలకు చెప్పి ఉంచాలి.

9. విశాఖలో కస్టమ్స్

2016 నాటి బ్యాగేజీ నిబంధనలు ఒక్కో ప్రయాణికుడికి 50,000 రూపాయల విలువ వరకు సుంకం మినహాయింపు ఇచ్చాయి. ఈ మొత్తాన్ని ప్రభుత్వం సవరిస్తూ ఉంటుంది గనుక బయలుదేరే ముందు కస్టమ్స్ శాఖ వెబ్‌సైటులో తాజా అంకెను చూసుకోవాలి. బృందాలు తెలుసుకోవలసిన అసలు నియమం వేరే ఉంది: ఒకరి మినహాయింపును మరొకరి మినహాయింపుతో కలపడానికి వీల్లేదు. నలుగురం ఉన్నాం కదా అని నలుగురి వాటాలు కలిపి ఒకే ఖరీదైన ఫోనో కెమెరానో కొనుక్కు రావడం కుదరదు.

- మద్యం రెండు లీటర్లు, సిగరెట్లు వంద వరకే.
- ఎల్ఈడీ, ఎల్‌సీడీ టీవీలకు ఈ మినహాయింపు వర్తించదు.
- ఈ-సిగరెట్ల దిగుమతిని 2019 చట్టం నిషేధించింది. తమ్ముళ్లు, మేనల్లుళ్ల సంచులను ఒకసారి అడిగి చూడటం తప్పు కాదు.
- బంగారు నగలకు ఉన్న ప్రత్యేక మినహాయింపు ఏడాదికి పైగా విదేశంలో నివసించి వచ్చేవారికే. వారం రోజుల యాత్రికులకు అది రాదు.
- మొక్కలు, విత్తనాలు తేవద్దు. తెచ్చినట్టయితే తప్పక చెప్పాలి.

సందేహం ఉన్న వస్తువు ఉంటే ఎర్ర మార్గంలోకి వెళ్లి చెప్పి సుంకం కట్టడమే మంచిది. ఆకుపచ్చ మార్గంలో పట్టుబడితే సుంకంతో పాటు జరిమానా కూడా పడుతుంది.

నేరు విమానం దొరక్క చెన్నై, హైదరాబాదు మీదుగా వచ్చేవారికి ఒక మాట. సాధారణంగా ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ రెండూ ముందు దిగిన నగరంలోనే జరుగుతాయి. పెట్టెను అక్కడ తీసుకుని మళ్లీ అప్పగించాలి. డ్యూటీ ఫ్రీలో కొన్న సీసాలు చేతిలో ఉంటే దేశీయ విమానం తనిఖీలో ఆపేస్తారు, కాబట్టి మళ్లీ అప్పగించే ముందే వాటిని పెట్టెలో వేసేయాలి.

10. బెల్టు నుంచి ఇంటి గుమ్మం వరకు

పెట్టె పగిలినా, రాకపోయినా హాలు దాటకముందే విమాన సంస్థ సిబ్బంది దగ్గర రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి ప్రతిని తీసుకోవాలి. బయటికి వచ్చాక చెబితే నిరూపించడం కష్టం. ప్రతి పెట్టె చీటీ నంబరునూ మన దగ్గరున్న ముక్కతో సరిచూసుకోవాలి.

దిగడానికీ బయటికి రావడానికీ మధ్య గంట పడుతుందనుకుని, కారును పదకొండుంబావుకు రమ్మనాలి. గాజువాక, ఎన్ఏడీ వైపు వారికి ఆ వేళ యాప్ క్యాబులు సరిపోవచ్చు. మధురవాడ, అనకాపల్లి వారు ముందే మాట్లాడుకోవడం మంచిది. విజయనగరం, శ్రీకాకుళం వెళ్లేవారు, పగలంతా బండి నడిపిన డ్రైవరు కాకుండా సాయంత్రం నిద్రపోయి వచ్చిన డ్రైవరే కావాలని అడిగి ఖాయం చేసుకోవాలి. శ్రీకాకుళానికి రాత్రిపూట రెండు గంటలకు పైగా ప్రయాణం. విశాఖ విమానాలను భోగాపురంలోని కొత్త విమానాశ్రయానికి మార్చే సంగతి కూడా ఉంది గనుక, కారు మాట్లాడేటప్పుడు విమానం ఎక్కడ దిగుతుందో టికెట్టు చూసి చెప్పాలి.

బెల్టు దగ్గర నుంచి కదిలే ముందే పెట్టెలు లెక్కపెట్టేవారు నాలుగోసారి లెక్క చూసుకోవాలి. మర్నాడు ఉదయం ప్రతి ఇంట్లోనూ పెట్టెలు తెరిచి, మరొకరి వస్తువులు కలిసి వచ్చి ఉంటే ఆ రోజే చెప్పాలి. పదిరోజుల తర్వాత కార్డు ఖాతాలో జీఎస్టీ వాపసు పడిందో లేదో చూసుకుని, పడకపోతే విమానాశ్రయంలో తీసుకున్న ఫోటోతో ఆ వాపసు సంస్థకు రాయాలి.